రోజువారీ ప్రయాణానికి ఇయర్‌బడ్స్ ఎంచుకోవడం ఎలా? కొనే ముందు, కొన్నాక చేయాల్సిన పనులు వరుసగా

‘ఆఫీసుకు వెళ్లొచ్చేటప్పుడు వాడుకోవడానికి ఏ ఇయర్‌బడ్స్ కొనమంటారు?’ అని చాలామంది అడుగుతున్నారు. మోడల్ పేరు చెప్పేస్తే పని అయిపోదు. ఒకరి చెవికి కుదిరింది ఇంకొకరికి జారిపోతుంది. ఒకరి దారిలో రైలు చప్పుడు, మరొకరి దారిలో హారన్లు. అందుకే పేర్లు పక్కనపెట్టి, ఎంచుకునే పద్ధతి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఈ వరుస మార్చకండి. చాలామంది బ్యాటరీ, బ్రాండ్ చూసి కొనేసి, చెవికి కుదురుతుందో లేదో ఆఖర్న చూసుకుంటారు. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే.

## 1. ముందు మూడు రోజులు మీ దారిని గమనించండి

ఇంకా ఏమీ కొనొద్దు. మూడు రోజులు మామూలుగానే ప్రయాణం చేస్తూ ఫోన్‌లో నోట్ చేసుకోండి.

☐ ఎందులో వెళ్తున్నారు: బస్సా, రైలా, కారా, నడకా? రెండు మూడు కలిపి ఉంటే ఒక్కోదాంట్లో ఎన్ని నిమిషాలు?
☐ ఎక్కువగా వినిపించే చప్పుడు ఏది: ఇంజిన్ రొదా, మనుషుల మాటలా, హారన్లా, గాలా?
☐ దారిలో ఎన్ని కాల్స్ మాట్లాడతారు? కూర్చునా, నడుస్తూనా?
☐ రోడ్డు దాటాల్సిన చోట్లు ఎన్ని?
☐ వాన, చెమట ఎంత?
☐ ఫోన్ ఎక్కడ పెట్టుకుంటారు: చొక్కా జేబులోనా, ప్యాంటు వెనక జేబులోనా, బ్యాగులోనా?
☐ వినేది పాటలా, మాటలా (పాడ్‌కాస్ట్‌లు, పాఠాలు), వీడియోలా?

ఈ ఏడు జవాబులు ఉంటే సగం మోడళ్లు వాటంతటవే తప్పుకుంటాయి. ఉదాహరణకు, మీ ప్రయాణంలో ముప్పావు వంతు నడకే అయితే, అన్నిటికంటే గట్టి నాయిస్ క్యాన్సలేషన్ (బయటి చప్పుడును తగ్గించే ఏర్పాటు) కోసం ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. మీకు కావాల్సింది బయటి చప్పుడు బాగా వినిపించే మోడల్.

ద్విచక్ర వాహనం గానీ కారు గానీ నడిపేవాళ్లకు ఒక మాట. బండి నడుపుతున్నంతసేపు రెండు చెవుల్లోనూ బడ్స్ పెట్టుకోవద్దు. చాలా చోట్ల అది నేరం కూడా. ఈ గైడ్ ప్రయాణికుల కోసం, నడిచేవాళ్ల కోసం రాసింది.

## 2. ఏ ఆకారం కావాలో తేల్చుకోండి

ఇయర్‌బడ్స్ ప్రధానంగా రెండు రకాలు.

చెవి రంధ్రాన్ని మూసేవి. వీటికి చివర రబ్బరులాంటి సిలికాన్ టిప్ ఉంటుంది. బయటి చప్పుడును అడ్డుకుంటాయి, బేస్ (పాటలోని తక్కువ శ్రుతి శబ్దం) బాగా వినిపిస్తుంది. బస్సుకు, రైలుకు ఇవే సరిపోతాయి.

తెరిచి ఉండేవి. టిప్ లేకుండా చెవి గిన్నెలో కూర్చునేవి, చెవికి పైనుంచి తగిలించుకునేవి ఈ రకం. చెవి మూసుకుపోయినట్టు ఉండదు, రోడ్డు మీద చప్పుళ్లు వినిపిస్తాయి. కానీ రైల్లో కూర్చుంటే పాట వినపడక వాల్యూమ్ పెంచేస్తారు. అది చెవికి మంచిది కాదు.

చెవి మూసేవాటితో నడిచేటప్పుడు ఒక వింత అనుభవం ఉంటుంది. ప్రతి అడుగూ తల లోపల ‘ధుమ్ ధుమ్’ అని మోగుతుంది, సొంత గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అది బడ్స్ లోపం కాదు. ఎముకల గుండా వచ్చే శబ్దం బయటికి పోయే దారి మూసుకుపోవడం వల్ల అలా అవుతుంది. కొందరు వారంలో అలవాటు పడతారు, కొందరికి ఎప్పటికీ చిరాకే. మీరు ఎక్కువగా నడిచేవాళ్లయితే, ఎవరి దగ్గరైనా ఉన్న జతను అడిగి తీసుకుని, దానికి వాడని టిప్స్ తొడిగి పది నిమిషాలు నడిచి చూడండి. ఈ పది నిమిషాల్లో తెలిసేది ఏ రివ్యూ చదివినా తెలియదు.

## 3. టిప్ సైజు: తొందరపడకూడని పని ఇదే

నా దగ్గరున్న ఒక జతలో ఎడమవైపు బేస్ తక్కువగా వినిపించేది. బడ్ పాడైందనుకుని నాలుగు నెలలు అలాగే వాడాను. ఒకరోజు టిప్స్ కడిగి తిరిగి తొడిగేటప్పుడు చూసుకోకుండా ఎడమవైపుకు ఒక సైజు పెద్దది తొడిగేశాను. మర్నాడు రైలు కదలగానే పాటలో అంతవరకు వినపడని బేస్ గిటార్ రెండు వైపులా సమానంగా వినిపించింది. బడ్‌లో ఏ తప్పూ లేదు. నా రెండు చెవులూ ఒకే సైజు కాదు, అంతే. చాలామందికి ఇలాగే ఉంటుంది.

టిప్ సరిగ్గా అతకకపోతే మూడూ దెబ్బతింటాయి: బేస్ పోతుంది, నాయిస్ క్యాన్సలేషన్ బలహీనపడుతుంది, బడ్ జారిపోతుంది. ఎంత ఖరీదైన జతైనా ఇంతే.

పెట్టుకునే తీరు:

1. ఎదుటి చేత్తో చెవి పైభాగాన్ని కొద్దిగా పైకి, వెనక్కి లాగండి. లోపలి దారి తిన్నగా అవుతుంది.
2. బడ్‌ను లోపలికి పెట్టి, కొంచెం వెనక్కి తిప్పండి.
3. చెవిని వదిలేయండి. టిప్ చుట్టూ మెత్తగా మూసుకున్నట్టు అనిపించాలి. నొప్పి, ఒత్తిడి ఉండకూడదు.

పెట్టుకున్నాక ఈ పరీక్షలు చేయండి:

☐ నొక్కే పరీక్ష. బేస్ ఉన్న పాట పెట్టి, వేలితో బడ్‌ను కొద్దిగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే టిప్ చిన్నదని అర్థం.
☐ వేళ్ల పరీక్ష. పాట ఆపి, చెవి పక్కన వేళ్లు రుద్దండి. గరగర స్పష్టంగా వినిపిస్తే మూత సరిగ్గా లేదు.
☐ దవడ పరీక్ష. ఆవలించండి, ఏదైనా నమలండి, రెండు నిమిషాలు మాట్లాడండి. బడ్ కదలకూడదు.
☐ సమయ పరీక్ష. 40 నిమిషాలు తీయకుండా ఉంచండి. నొప్పి చాలాసార్లు పెట్టుకోగానే కాదు, కాసేపయ్యాకే మొదలవుతుంది.

కొన్ని బడ్స్ యాప్‌లో ఫిట్ పరీక్ష కూడా ఉంటుంది. చేసి చూడండి గానీ, అది సరే అన్నా నొప్పి ఉంటే మీ చెవి మాటే వినండి.

సిలికాన్ ఏ సైజులోనూ కుదరకపోతే ఫోమ్ టిప్స్ చూడండి. వేళ్లతో నలిపి సన్నగా చేసి, చెవిలో పెట్టి, అర నిమిషం పట్టుకుంటే ఉబ్బి చెవి ఆకారానికి సర్దుకుంటాయి. రద్దీ చప్పుడును బాగా ఆపుతాయి. అయితే కొన్ని నెలలకే అరిగిపోతాయి, సిలికాన్ లాగా నీళ్లతో కడుక్కోవడం కుదరదు. విడిగా టిప్స్ కొనేటప్పుడు మీ మోడల్‌కు సరిపోతాయో లేదో చూసుకోవాలి. టిప్ ఎక్కే గొట్టం కొన్నింటికి గుండ్రంగా, కొన్నింటికి కోలగా ఉంటుంది.

## 4. నాయిస్ క్యాన్సలేషన్ నుంచి ఏం ఆశించాలి

బడ్ మీది మైక్ బయటి చప్పుడును పట్టుకుంటుంది. దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని స్పీకర్ చేస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. ఒకే తీరుగా సాగే తక్కువ శ్రుతి చప్పుళ్ల మీద ఇది బాగా పనిచేస్తుంది: ఇంజిన్ రొద, రైలు చక్రాల హోరు, ఏసీ గాలి.

హఠాత్తుగా వచ్చేవాటి మీద అంతగా పనిచేయదు. హారన్, బ్రేకు కీచు, పక్క సీటులో మాటలు వినిపిస్తూనే ఉంటాయి. అలాంటి పైశ్రుతి చప్పుళ్లను ఆపేది ముఖ్యంగా టిప్పే. అందుకే 3వ అడుగు ముందు పెట్టాను.

డబ్బా మీద చూసి మోసపోయే చోట్లు రెండున్నాయి.

ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సలేషన్, పైన చెప్పింది ఇదే), ఈఎన్‌సీ (ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సలేషన్) ఒకటి కాదు. ఏఎన్‌సీ మీ చెవికి చప్పుడు తగ్గిస్తుంది. ఈఎన్‌సీ మీ మైక్‌కు సంబంధించినది. అవతలివాళ్లకు మీ చుట్టూ ఉన్న చప్పుడు వినపడకుండా చేస్తుంది. ‘నాయిస్ క్యాన్సలేషన్’ అని పెద్ద అక్షరాల్లో రాసి, కింద చిన్నగా ఈఎన్‌సీ అని ఉంటే, బస్సులో మీకు రొద తగ్గదు.

‘45 డెసిబెల్ వరకు’ లాంటి అంకెలు. ‘వరకు’ అన్న మాట చూడండి. ఏదో ఒక శ్రుతి దగ్గర, పరీక్ష గదిలో వచ్చిన గరిష్ఠ విలువ అది. అన్ని చప్పుళ్లూ అంత తగ్గవు. రెండు బ్రాండ్లను ఆ అంకెతో పోల్చొద్దు.

దీనితో పాటు ట్రాన్స్‌పరెన్సీ మోడ్ తప్పకుండా ఉండాలి. బయటి చప్పుడును మైక్ ద్వారా లోపలికి పంపేది ఇదే. స్టేషన్‌లో ప్రకటన వినాలన్నా, రోడ్డు దాటాలన్నా ఒక్క నొక్కుతో ఆ మోడ్‌లోకి రాగలగాలి. కొన్నింటిలో గొంతులు సహజంగా వినిపిస్తాయి, కొన్నింటిలో రేడియోలోంచి వచ్చినట్టు ఉంటాయి. కొనే ముందు పెట్టుకుని చూడగలిగితే, ముందు దీన్నే పరీక్షించండి.

ఏఎన్‌సీ ఆన్ చేయగానే చెవుల్లో ఒత్తిడిగా, తల బరువుగా అనిపించేవాళ్లు కొందరుంటారు. అలా అయితే తక్కువ స్థాయికి మార్చుకునే వీలున్న మోడల్ తీసుకోండి.

## 5. కాల్స్ ఎక్కువా? మైక్‌ను వీధిలో పరీక్షించాలి

గదిలో కూర్చుని మాట్లాడితే ఏ మైక్ అయినా బాగానే ఉంటుంది. కిందికి కాడ ఉన్న బడ్స్‌లో మైక్ నోటికి కాస్త దగ్గరగా ఉంటుంది కాబట్టి, మిగతావన్నీ సమానమైతే కాల్స్‌కు ఆ ఆకారమే మేలు.

పరీక్ష ఇలా చేయండి. రద్దీ రోడ్డు పక్కన నిలబడి ఇంట్లోవాళ్లకు కాల్ చేసి, కాసేపు మామూలుగా మాట్లాడి, పది అంకెలు ఏ వరుసా లేకుండా చదవండి. వాళ్లు తిరిగి చెప్పాలి. రెండు మూడు తప్పు పోతే ఆ మైక్ మీ దారికి చాలదు. తర్వాత గాలికి ఎదురుగా నడుస్తూ మళ్లీ చేయండి. చాలా మైక్‌లు గాలి దగ్గరే తేలిపోతాయి.

కాల్ రాగానే పాట నాణ్యత పడిపోయి, శబ్దం పలచబడితే కంగారు పడకండి. మైక్ వాడాల్సి వచ్చినప్పుడు మామూలు బ్లూటూత్ కాల్ పద్ధతికి మారుతుంది, అందులో శబ్దానికి చోటు తక్కువ. కాల్ ముగిశాక తిరిగి మామూలవుతుంది.

## 6. బ్యాటరీ లెక్క

డబ్బా మీద 30 గంటలు, 40 గంటలు అని ఉండేది కేస్‌తో (బడ్స్ పెట్టి ఛార్జ్ చేసుకునే పెట్టెతో) కలిపిన లెక్క. మీరు చూడాల్సింది వేరే అంకె: ఏఎన్‌సీ ఆన్‌లో ఉండగా, ఒక్క ఛార్జింగ్‌తో బడ్స్ ఎన్ని గంటలు వస్తాయి?

వెళ్లడానికి గంటంబావు, రావడానికి గంటంబావు, మధ్యలో గంట కాల్స్ అనుకుందాం. మొత్తం మూడున్నర గంటలు. దానికి రెట్టింపు, అంటే ఏడు గంటల దగ్గర్లో ఉన్నది చూసుకోండి. బడ్‌లోని చిన్న లిథియం బ్యాటరీ వాడేకొద్దీ తరుగుతుంది. ఇవాళ ఏడు గంటలొచ్చేది రెండేళ్ల తర్వాత అంత రాదు. మధ్యాహ్నం కేస్‌లో పెట్టే అలవాటు ఉంటే ఐదు గంటలదైనా చాలు.

పది నిమిషాల ఛార్జింగ్‌తో గంటకు పైగా వచ్చే సదుపాయం ఉంటే మంచిది. కేస్‌కు ఫోన్ కేబులే సరిపోతే బ్యాగులో ఒక వైరు తగ్గుతుంది.

## 7. వాన, చెమట, దుమ్ము

బడ్స్ నీటిని, దుమ్మును ఎంత తట్టుకుంటాయో చెప్పే రేటింగ్ ఐపీ (IP). దాని పక్కన రెండు స్థానాలుంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. అంకె బదులు ఎక్స్ ఉంటే దానికి పరీక్ష జరిగినట్టు చెప్పలేదని అర్థం.

☐ ఐపీఎక్స్4: ఎటువైపు నుంచైనా పడే తుంపర్లను తట్టుకుంటుంది. మామూలు ప్రయాణానికి ఇది కనీసం.
☐ ఐపీ54: తుంపర్లతో పాటు దుమ్ము నుంచి కూడా కొంత రక్షణ. దుమ్ము దారి అయితే ఇది.
☐ ఐపీఎక్స్7: మీటరు లోతు నీటిలో 30 నిమిషాల వరకు. అలాగని ఈతకు కాదు.

ఈ అంకె తరచూ బడ్స్‌కు మాత్రమే, కేస్‌కు ఉండదు. తడి బడ్స్‌ను తుడవకుండా కేస్‌లో పెట్టేయడమే అసలు ప్రమాదం. చెమటలోని ఉప్పు ఛార్జ్ ఎక్కించే లోహపు చుక్కలను తినేస్తుంది.

## 8. మీ ఫోన్‌కు సరిపోతాయా?

ఇక్కడ కోడెక్‌ల (శబ్దాన్ని కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతుల) గోల ఎక్కువ. ఎస్‌బీసీ అన్నింటిలోనూ ఉంటుంది. ఐఫోన్ వాడేవాళ్లకు ఏఏసీ ఉంటే చాలు. ఐఫోన్‌లో ఎల్‌డీఏసీ లేదు కాబట్టి దానికోసం అదనంగా ఖర్చు పెట్టొద్దు. ఆండ్రాయిడ్‌లో ఎల్‌డీఏసీ సెకనుకు 990 కిలోబిట్ల వరకు పంపుతుంది, కానీ కిక్కిరిసిన స్టేషన్‌లో అంత డేటా తెగకుండా రావడం కష్టం. అక్కడ అది ఆపేసి, తక్కువ స్థాయికి మారడమే మేలు. రైలు హోరులో ఆ తేడా వినపడదని నా అనుభవం.

నా దృష్టిలో కోడెక్ కంటే మల్టీపాయింట్ ముఖ్యం. ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ ఒకేసారి కనెక్ట్ అయి ఉంటే, ఆఫీసులోకి అడుగుపెట్టగానే విడదీసి మళ్లీ కలిపే పని ఉండదు.

ఒక్క బడ్ విడిగా, ఎడమదైనా కుడిదైనా, పనిచేయాలి. ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

## 9. కొనే రోజు

☐ సీరియల్ నంబరు డబ్బా మీద, కేస్ మీద ఒకటేనా? కంపెనీ సైట్‌లో సరిచూసుకోవచ్చా? నకిలీలు ఎక్కువగా తిరిగే వస్తువు ఇది.
☐ వాపసు గడువు ఎన్ని రోజులు? తెరిచిన బడ్స్ తీసుకుంటారా? చాలా చోట్ల శుభ్రత కారణంగా తీసుకోరు.
☐ ఒక బడ్ పోతే ఒక్కటే అమ్ముతారా?
☐ టచ్‌దా, నొక్కే బటన్‌దా? గ్లవ్స్, స్కార్ఫ్, వాన ఉంటే బటనే నయం.
☐ కేస్ ఒంటి చేత్తో తెరుచుకుంటుందా? రెండో చెయ్యి కమ్మీ పట్టుకుని ఉంటుందని గుర్తుపెట్టుకోండి.
☐ బిల్లు ఫొటో తీసి దాచుకోండి.

## 10. మొదటి వారం: గడువు ముగిసేలోగా చేయాల్సినవి

మొదటి రోజు, ఇంట్లో. పూర్తిగా ఛార్జ్ చేయండి. యాప్ పెట్టి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. అన్ని సైజుల టిప్స్‌తో 3వ అడుగులోని పరీక్షలన్నీ చేయండి.

రెండో రోజు, దారిలో. ఏఎన్‌సీ ఆన్, ఆఫ్ చేస్తూ వినండి. ఫోన్‌ను రోజూ పెట్టుకునే చోటే ఉంచి, పాట తెగుతుందేమో చూడండి.

మూడో రోజు. వీధిలో కాల్ పరీక్ష.

నాలుగో రోజు. ఉదయం నుంచి రెండు బడ్స్ ఎంతసేపు వస్తున్నాయో లెక్కపెట్టండి. ఒకటి రెండోదానికంటే గంట ముందే ఆగిపోతే ఇప్పుడే మార్పించుకోండి.

ఐదో రోజు. రోజంతా వాడి చెవుల నొప్పి చూసుకోండి. నొప్పి ఉంటే ‘అలవాటవుతుందిలే’ అనుకోకుండా వాపసు ఇచ్చేయండి.

## 11. వాల్యూమ్: దీన్ని దాటేయకండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2018లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్ వరకు పరిమితి. ప్రతి 3 డెసిబెల్ పెరిగితే సమయం సగమవుతుంది. 85 దగ్గర వారానికి సుమారు 12న్నర గంటలే.

ఇందాకటి ఉదాహరణే తీసుకోండి. రోజుకు రెండున్నర గంటల ప్రయాణం, వారానికి ఐదు రోజులు: సరిగ్గా 12న్నర గంటలు. అంటే 85 దగ్గర వింటే, ఇంట్లో వినడానికి ఇక ఏమీ మిగల్లేదు. రొదను మించి వినడానికి వాల్యూమ్ పెంచితే అక్కడికి చేరడం తేలిక. అందుకే మంచి టిప్, ఏఎన్‌సీ విలాసం కాదు. అవి ఉంటే తక్కువ వాల్యూమ్‌తోనే వినిపిస్తుంది.

చేయాల్సిన పని: ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు హాయిగా వినిపించే స్థాయి చూసుకోండి. ఫోన్ సెట్టింగుల్లో దానికి ఒకటి రెండు మెట్లు పైన పరిమితి పెట్టేయండి. బడ్స్ తీశాక చెవుల్లో గుయ్‌మని మోగితే ఆ రోజుకు ఆపేయండి. మోత తగ్గకపోతే డాక్టరును కలవండి.

## 12. తరచూ వచ్చే ఇబ్బందులు, సర్దుబాట్లు

ఒకవైపు శబ్దం తగ్గింది. చాలాసార్లు శబ్దం బయటికొచ్చే చోట ఉండే జాలీలో చెవి గులిమి చేరి ఉంటుంది. టిప్ తీసి, జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, పొడి మెత్తని బ్రష్‌తో దులపండి. పిన్ను పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. సిలికాన్ టిప్స్‌ను విడిగా కడిగి, పూర్తిగా ఆరాకే తొడగండి.

పాట తెగిపోతోంది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మన ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది. ఫోన్ వెనక జేబులోంచి చొక్కా జేబుకు లేదా బ్యాగు ముందు అరకు మార్చి చూడండి.

ఏఎన్‌సీ ఆన్ చేస్తే ఈల వస్తోంది. టిప్ వదులుగా ఉండొచ్చు. ఒక సైజు పెంచండి. మైక్ రంధ్రం మీద టోపీ, జుట్టు తగులుతున్నాయేమో చూడండి.

గాలిలో నడిస్తే హోరు. గాలి నేరుగా మైక్‌కు కొడుతోంది. యాప్‌లో గాలి తగ్గించే మోడ్ ఉంటే పెట్టండి, లేకపోతే నడిచినంతసేపు ఏఎన్‌సీ ఆపేయండి.

చెవి దురద. టిప్స్ వారానికోసారి కడగండి, ఇతరులతో పంచుకోవద్దు. గంటకోసారి తీసి చెవికి గాలి తగలనివ్వండి.

ఎక్కేటప్పుడు బడ్ కింద పడింది. తోపులాటలో పెట్టుకోవద్దు. ప్లాట్‌ఫామ్ మీదే పెట్టుకోండి, దిగి పక్కకు వచ్చాక తీయండి.

ఒక బడ్ ఛార్జ్ కావడం లేదు. బడ్ మీది, కేస్ లోపలి లోహపు చుక్కలను పొడి దూదిపుల్లతో తుడవండి.

ఒకటే కనెక్ట్ అవుతోంది. ఫోన్ బ్లూటూత్ జాబితాలోంచి ఆ పేరు తీసేయండి. రెండు బడ్స్‌నూ కేస్‌లో పెట్టి, మాన్యువల్‌లో చెప్పినట్టు రీసెట్ చేసి, కొత్తగా జత చేయండి. రెండుసార్లు చేసినా అదే తీరైతే వీడియో తీసి, బిల్లుతో పాటు సర్వీస్‌కు ఇవ్వండి. ఇచ్చేముందు మీ టిప్స్ తీసి ఇంట్లో పెట్టుకోండి. మార్చి ఇచ్చే జతతో మీ సైజు రాకపోవచ్చు.